తాతగారి పాత పైపు దొరికిందా..? పారేయకండి.. మెరిపించే పద్ధతి ఇదీ.. వెలిగించే ముందు మాత్రం ఓసారి ఆలోచించండి

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లో పాత ఇళ్లు ఒక్కొక్కటిగా అపార్ట్‌మెంట్లుగా మారిపోతున్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటకల మీద నుంచి, చెక్క బీరువా సొరుగుల్లోంచి ఏవేవో వస్తువులు బయటపడుతుంటాయి. ఆగిపోయిన చేతి గడియారం, ఇంకు ఎండిపోయిన పెన్ను, కళ్లజోడు డబ్బా.. ఒక్కోసారి నల్లగా మసిపట్టిన ఓ పొగ పైపు కూడా.

చేతిలోకి తీసుకుంటే చేదు వాసన. మౌత్‌పీస్ పసుపుపచ్చగా మారిపోయి ఉంటుంది. దానిపై ఎవరివో పంటి గాట్లు. చాలా ఇళ్లలో అది నేరుగా పాత సామాన్ల బండిలోకి వెళ్లిపోతుంది. కానీ ఆ పైపు పాడైపోలేదు, మురికి పట్టిందంతే. రెండు సాయంత్రాలు ఓపిగ్గా కూర్చుంటే మళ్లీ మెరుస్తుంది. మరి అదెలా? మెరిపించాక వెలిగించొచ్చా? వివరాలు ఓసారి చూద్దాం.

చుట్ట మనది.. పైపు ఎక్కడిది?

తెలుగువాళ్లకు పొగ కొత్తేం కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం చుట్ట గురించి తెలియనివాళ్లు తక్కువ. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకు పెట్టింది పేరు. ఇటు హైదరాబాద్‌లో నవాబుల దివాణాల్లో హుక్కా ఉండేది. పైపు మాత్రం ఇంగ్లిష్ దొరల వెంట వచ్చిన అలవాటు. క్లబ్బుల నుంచి ఆఫీసర్లకు, లాయర్లకు, డాక్టర్లకు, కాలేజీ లెక్చరర్లకు పాకింది.

మామూలు జనానికి అది సినిమాలోనే కనిపించేది. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాల్లో సిల్కు గౌను వేసుకుని, మేడ మెట్లు దిగుతూ వచ్చే జమీందారు తండ్రి నోట్లో పైపు ఉండాల్సిందే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో ఈల వేస్తూ సినిమా చూసిన కుర్రాళ్ల జేబులో ఉన్నది మాత్రం సిగరెట్టే.

ఆ సిగరెట్టుకు, ఈ ఏరియాకు దగ్గరి సంబంధమే ఉంది. చిక్కడపల్లికి కూతవేటు దూరంలోని ఆజామాబాద్‌లో ఉన్న వీఎస్టీ పూర్తి పేరు వజీర్ సుల్తాన్ టొబాకో. 1930లో కంపెనీగా ఏర్పడింది. చార్మినార్ బొమ్మతో వచ్చిన సిగరెట్ ఈ కంపెనీదే. ఫ్యాక్టరీ పేరే చౌరస్తాకు, బస్టాప్‌కు వచ్చేసింది. 2023 ఆగస్టులో ఇందిరా పార్క్ నుంచి అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా స్టీల్ బ్రిడ్జి ప్రారంభమైతే, దాన్ని కూడా జనం ‘వీఎస్టీ బ్రిడ్జి’ అనే అంటున్నారు.

సిగరెట్ ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. పీక కింద పడేసి నలిపేస్తే దాని కథ ముగిసినట్టే. పైపు అలా కాదు. ఒక్కసారి నింపితే ముప్పావు గంట వరకు వస్తుంది. కాలేది పొగాకే తప్ప పైపు మిగిలే ఉంటుంది. అందుకే యాభై అరవై ఏళ్ల తర్వాత కూడా సొరుగులో దొరుకుతోంది.

కాలని కట్టె.. అదే అసలు రహస్యం

నిప్పు పెట్టినా చెక్క ఎందుకు కాలిపోదు? చాలామందికి వచ్చే డౌట్ ఇదే.

మంచి పైపు గిన్నెను మామూలు చెక్కతో చేయరు. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో బ్రయర్ అనే పొద పెరుగుతుంది. దాని కాండానికి, వేళ్లకు మధ్య గడ్డలా ఓ భాగం ఊరుతుంది. ఆ గడ్డను తవ్వి తీసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల పాటు ఆరబెట్టి, అప్పుడు చెక్కుతారు. చాలా గట్టిగా ఉంటుంది, వేడిని తట్టుకుంటుంది, తేమను పీల్చుకుంటుంది. 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లాడ్ పట్టణం ఈ పైపుల తయారీకి కేంద్రంగా మారింది.

తెల్లగా, తేలిగ్గా, సుద్దలా కనిపించే ఇంకో రకం కూడా ఉంది. దాన్ని మీర్‌షామ్ అంటారు. అది చెక్క కాదు, ఓ ఖనిజం. టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతంలో తవ్వుతారు. వాడేకొద్దీ తెలుపు పోయి తేనె రంగులోకి తిరుగుతుంది. ఇలాంటిది దొరికితే కింద చెప్పే ఉప్పు, స్పిరిట్ పద్ధతి జోలికి అస్సలు పోవద్దు. తడి తగిలితే అది మెత్తబడుతుంది. పొడి గుడ్డతో తుడిచి పెట్టుకోవడమే మేలు.

ముందుగా ఏం చూడాలి?

పైపు చేతికి రాగానే కడగడం మొదలుపెట్టొద్దు. వెలుతురులో పెట్టి మూడు విషయాలు గమనించాలి.

మొదటిది గుర్తులు. గిన్నె నుంచి వచ్చే కాడ పక్కన చిన్న అక్షరాలు ముద్రించి ఉంటాయి. కంపెనీ పేరు, దేశం, మోడల్ నంబర్ అక్కడే తెలుస్తాయి. లండన్ డన్‌హిల్ పైపులకు మౌత్‌పీస్ మీద చిన్న తెల్ల చుక్క ఉంటుంది. ఐర్లండ్ పీటర్సన్ పైపులపై ‘పి’ అక్షరం కనిపిస్తుంది. ఈ ముద్రలు చెరిగిపోతే వస్తువు విలువ పడిపోతుంది. అందుకే ఆ చోట గరుకు కాగితం తగలనివ్వకూడదు.

రెండోది పగుళ్లు. గిన్నె బయట సన్నటి చీలిక ఉందా, లోపల ఒకచోట కాలి గుంట పడిందా చూడాలి. అలా ఉంటే దాన్ని అలంకారానికి పెట్టుకోవచ్చు కానీ వెలిగించకూడదు.

మూడోది లోపలి మసి. వాడిన పైపులో గోడలకు బొగ్గు పొర పేరుకుంటుంది. పలుచగా ఉంటే అది చెక్కకు రక్షణ. మందంగా పేరుకుంటే మాత్రం వేడికి వ్యాకోచించి గిన్నెనే పగలగొడుతుంది.

మెరిపించే పద్ధతి.. స్టెప్ బై స్టెప్

దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. దొడ్డుప్పు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్, కార్ పెయింటర్లు వాడే వాటర్ పేపర్, కాస్త మైనం చాలు. పిల్లల స్కూల్ ప్రాజెక్టుల కోసం స్టేషనరీ షాపుల్లో దొరికే బొచ్చు తీగలు ఉంటాయి కదా.. వాటి పేరే పైప్ క్లీనర్లు. అవి పుట్టింది ఈ పని కోసమే. రంగువి కాకుండా తెల్లవి తీసుకోవాలి.

1. విడదీయడం: మౌత్‌పీస్‌ను మెల్లగా ఒకే వైపు తిప్పుతూ లాగాలి. అటూ ఇటూ ఊపితే లోపలి మొన పుటుక్కున విరుగుతుంది. బిగుసుకుపోతే అరగంట ఫ్రీజర్‌లో పెట్టాలి. చల్లదనానికి ముడుచుకుని వదులవుతుంది. పైపు వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఎప్పుడూ విడదీయకూడదు.

2. మసి గీకడం: మొన లేని చిన్న చాకుతో గానీ, పెన్సిల్‌కు చుట్టిన గరుకు కాగితంతో గానీ లోపలి బొగ్గు పొరను నెమ్మదిగా గీకాలి. మొత్తం తీసేయొద్దు. రూపాయి బిళ్ల మందం కంటే కాస్త తక్కువ పొర మిగలాలి.

3. కాడ శుభ్రం: పైప్ క్లీనర్‌ను ఆల్కహాల్‌లో ముంచి పొగ వచ్చే దారిలో దూర్చి తీయాలి. మొదటిది తారులా నల్లగా వస్తుంది. పదోదో, ఇరవయ్యోదో తెల్లగా వచ్చేదాకా వదలొద్దు. ఓపిక పరీక్షించేది ఈ స్టెప్పే.

4. ఉప్పు వైద్యం: గిన్నెలో దొడ్డుప్పు నింపి, కాడ రంధ్రంలో దూది పెట్టి, ఉప్పు తడిసేదాకా చుక్క చుక్కగా ఆల్కహాల్ పోయాలి. రాత్రంతా అలాగే వదిలేయాలి. ఏళ్ల తరబడి చెక్కలో ఇంకిన జిడ్డును, వాసనను ఉప్పు లాగేస్తుంది. పొద్దున లేచి చూస్తే తెల్లటి ఉప్పు టీ డికాషన్ రంగులో ఉంటుంది. కాడలోకి ఉప్పు వెళ్లకుండా చూసుకోవాలి. ఉప్పంటే భయమున్నవాళ్లు దూది వాడతారు.

5. ఆరబెట్టడం: ఉప్పు దులిపేశాక కనీసం రెండు మూడు రోజులు గాలికి ఆరనివ్వాలి. ఆల్కహాల్ మండే ద్రవం. తడి ఆరకముందే అగ్గిపుల్ల దగ్గరకు తీసుకెళ్తే ప్రమాదమే.

6. మెరుగు: గిన్నె బయట తడిగుడ్డతో తుడిచి, పల్చగా మైనం రాసి, మెత్తటి గుడ్డతో రుద్దాలి. పైపులవాళ్లు బ్రెజిల్ నుంచి వచ్చే కార్నూబా మైనం వాడతారు. తేనె మైనం పూసినా నిగనిగలాడుతుంది. మసి కింద దాక్కున్న చెక్క నరాలు అప్పుడు బయటపడతాయి. ఈ పని చేసేవాళ్లు ఎదురుచూసేది ఈ క్షణం కోసమే.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. మెడికల్ షాపులో ‘స్పిరిట్’ అని అడిగితే ఇచ్చేవన్నీ ఒకటి కాదు. కొన్నింటిలో విషపూరితమైన మిథనాల్ కలిపి ఉంటుంది. నోట్లో పెట్టుకునే వస్తువు కాబట్టి సీసా మీద ఐసోప్రొపైల్ అని రాసి ఉందో లేదో చూసుకోవాలి. అనుమానం ఉంటే వోడ్కాతో శుభ్రం చేసేవాళ్లూ ఉన్నారు.

మౌత్‌పీస్ ఎందుకు పసుపెక్కుతుంది? రాజమండ్రి పెన్నుకు, దీనికి లింకేంటి?

పాత పైపుల్లో చాలావాటి మౌత్‌పీస్ ప్లాస్టిక్ కాదు. ఎబొనైట్. అంటే రబ్బరులో గంధకం బాగా కలిపి గట్టిపరిచిన పదార్థం. మన రాజమండ్రి రత్నం పెన్నులు పేరు తెచ్చుకున్నది ఈ ఎబొనైట్‌తోనే. స్వదేశీ ఉద్యమ కాలంలో, 1932లో మొదలైన ఆ పెన్ను ఇంట్లో ఉన్నవాళ్లు ఓసారి తీసి చూడండి. ఎండ తగిలిన చోట నలుపు పోయి గోధుమ రంగో, ఆకుపచ్చో కనిపిస్తుంది. వెలుతురుకు, గాలికి లోపలి గంధకం పైకి తేలడమే దీనికి కారణం. పైపు మౌత్‌పీస్‌కూ జరిగేది ఇదే.

దీనికి మందు వాటర్ పేపర్. 400 నంబర్‌తో మొదలుపెట్టి 600, 1000, 2000 వరకు.. నీళ్లు తడుపుతూ ఒక్కో నంబర్‌తో రుద్దుకుంటూ పోవాలి. చివర్లో మెటల్ పాలిష్‌తో తుడిచి, ఆ పాలిష్ కూడా పోయేలా సబ్బుతో చల్లటి నీళ్లలో కడగాలి. వేడి నీళ్లు పోస్తే ఎబొనైట్ రంగు ఇంకా పోతుంది. అద్దంలా నల్లటి మెరుపు వచ్చేసరికి ఓ సాయంత్రం గడిచిపోతుంది.

ఇక పంటి గాట్లు. ఎబొనైట్‌కు ఓ విచిత్రమైన గుణం ఉంది. లైటర్ మంటను దూరం నుంచి అటూ ఇటూ కదిపితే, నొక్కుకుపోయిన చోటు తనంతట తానే పైకి లేస్తుంది. అచ్చు పోసిన నాటి ఆకారం దానికి గుర్తుంటుంది మరి. నిమిషంలో గాట్లు చాలావరకు మాయం.

కానీ తీసేయాలా? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఆ గాట్లు తాతగారివో, పెదనాన్నవో, మేనమామవో. పేపర్ చదువుతూనో, లెక్కలు చూసుకుంటూనో పైపును పళ్ల మధ్య బిగించి పట్టుకున్న గుర్తు అది. ఫొటోలో మొహం కనిపిస్తుంది, అలవాటు కనిపించదు. పైపు అమ్మేవాళ్లు గాట్లు తీసేస్తారు. ఇంట్లో దాచుకునేవాళ్లు రంగు మాత్రం తెప్పించి, గాట్లు అలాగే ఉంచేసినా తప్పేం లేదు.

ఈ తప్పులు చేయొద్దు

చేతికి దొరికిందే తడవుగా గిన్నెను నీళ్లలో నానబెట్టడం, గిన్నెలు తోమే లిక్విడ్‌తో రుద్దడం పెద్ద తప్పు. చెక్క నీరు తాగి ఉబ్బుతుంది. ఇంట్లో మిగిలిన వార్నిష్ పూయడం ఇంకో తప్పు. వేడికి అది పొక్కులు లేస్తుంది, చెక్క ఊపిరి ఆడదు. వదులైన కాడకు ఫెవిక్విక్ పెడితే పైపు ఇక జన్మలో విడిపోదు. జుమేరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో పాత పైపు కొనేవాళ్లు కూడా ముందు పగుళ్లు చూసుకుని, పూర్తిగా శుభ్రం చేశాకే నోటి దగ్గరకు తీసుకెళ్లాలి.

వెలిగిస్తే.. అందులో మజా ఏంటి?

పైపు ఇష్టపడేవాళ్లు చెప్పే మొదటి మాట నిదానం. పొగాకును మూడుసార్లుగా నింపుతారు. మొదట పసిపిల్ల చేత్తో వదులుగా, తర్వాత ఆడమనిషి చేత్తో కాస్త బిగువుగా, చివర మగవాడి చేత్తో గట్టిగా అని పాశ్చాత్య దేశాల్లో ఓ పాత నానుడి ఉంది. స్ట్రాతో కూల్‌డ్రింక్ తాగినంత తేలిగ్గా గాలి రావాలి.

తర్వాత అగ్గిపుల్లతో పైపైన ఓసారి వెలిగించి, ఉబ్బిన పొగాకును మెల్లగా అదిమి, రెండోసారి వెలిగిస్తారు. అక్కడి నుంచి వేడి టీ చప్పరించినట్టు చిన్న చిన్నగా లాగాలి. పొగ నోటి వరకే, ఊపిరితిత్తుల్లోకి పీల్చరు. గబగబా లాగితే నాలుక మండుతుంది, గిన్నె కాలిపోతుంది. చెంపకు ఆనించి చూసి, సెగ ఎక్కువగా ఉంటే పక్కన పెట్టేస్తారు. మధ్యలో ఆరిపోతే మళ్లీ వెలిగిస్తారు. తొందరపడేవాడికి ఇది కుదరని పని.

ఆ పొగాకులోనూ తెలుగు నేల వాటా ఉంది. పైపు మిశ్రమాల్లో తియ్యటి రుచినిచ్చే రకం వర్జీనియా. గుంటూరు ప్రాంతంలో ఈ రకం సాగు 1920ల్లో వేళ్లూనుకుంది. రైతులు బ్యారన్లలో వేడి గాలితో ఆకును బంగారు రంగు వచ్చేదాకా కాలుస్తారు. పొగాకుపై పరిశోధన కోసం 1947లో రాజమండ్రిలో కేంద్ర సంస్థ పెట్టారు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్నది కూడా గుంటూరులోనే.

పైపు సేఫా..? డాక్టర్లు ఏమంటారు?

ఇక్కడ చాలామందికి ఓ అపోహ ఉంది. ‘పొగ లోపలికి పీల్చరు కదా, పైపు వల్ల ఏం కాదు’ అనుకుంటారు. ఇది నిజం కాదు.

పైపు పొగకు క్షార గుణం ఎక్కువ. అందుకే పీల్చకపోయినా నికోటిన్ నోటి పొర నుంచే నేరుగా రక్తంలోకి వెళ్తుంది. అలవాటు పట్టుకోవడానికి అది చాలు. పెదవి, నాలుక, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు పైపు పొగతో సంబంధం ఉందని వైద్య పరిశోధనలు తేల్చాయి. పొగాకు పొగ ఏ రూపంలో ఉన్నా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెబుతోంది.

నోటి పొగ ఏం చేస్తుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఉత్తరాంధ్రలో కొందరు ఆడవాళ్లు చుట్టను తిరగేసి, నిప్పు నోటి లోపల ఉండేలా తాగే అడ్డపొగ అలవాటు ఉంది. వాళ్లలో అంగిలి క్యాన్సర్ ఎక్కువగా కనిపించడంపై దశాబ్దాలుగా అధ్యయనాలు వచ్చాయి.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతూ టీ కొట్టు దగ్గర సిగరెట్‌తో టెన్షన్ తీర్చుకునే కుర్రాళ్లు ‘దీనికి బదులు పైపు మేలేమో’ అనుకుంటే పొరపాటే. ఒక అలవాటు పోయి ఇంకోటి రావడం కాదు, చాలాసార్లు రెండూ మిగులుతాయి.

చట్టం ఏం చెబుతోంది?

2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం పైపుకూ వర్తిస్తుంది. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై నిషేధం 2008 అక్టోబర్ 2 నుంచి కఠినమైన నిబంధనలతో అమల్లో ఉంది. ఆడిటోరియాలు, లైబ్రరీలు, హోటళ్లు, విద్యాసంస్థలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. అంటే త్యాగరాయ గానసభలో గానీ, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో గానీ పైపు తీయడానికి వీల్లేదు. 18 ఏళ్ల లోపు వారికి పొగాకు అమ్మకూడదు. స్కూళ్లు, కాలేజీలకు వంద గజాల లోపు అమ్మకూడదు. ఇక హుక్కా పార్లర్లను నిషేధిస్తూ తెలంగాణ అసెంబ్లీ 2024 ఫిబ్రవరిలో బిల్లు పాస్ చేసింది. పాత పైపును ఇంట్లో పెట్టుకోవడం, బాగుచేసుకోవడం మాత్రం ఏ చట్టం ప్రకారమూ తప్పు కాదు.

చివరగా.. వెలిగించాలా? వద్దా?

పాత పైపులు బాగుచేసేవాళ్ల ఆనందాన్ని గమనిస్తే ఒక విషయం అర్థమవుతుంది. ఆ ఆనందంలో ఎక్కువ భాగం నిప్పు పెట్టకముందే అయిపోతుంది. తెల్లటి ఉప్పు నల్లబడటం, ఇరవయ్యో క్లీనర్ తెల్లగా రావడం, పసుపెక్కిన ఎబొనైట్ అద్దంలా మారడం, మసి కింది నుంచి చెక్క నరాలు తేలడం.. వీటికి పొగాకు అవసరం లేదు, ఓపికుంటే చాలు. పొగ వచ్చే దారి అంతా శుభ్రమయ్యాక దాన్ని మళ్లీ పొగతో నింపాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన ప్రశ్న. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆ పొగ వాళ్లూ పీలుస్తారని మర్చిపోవద్దు.

ఆ పైపు వాడిన మనిషి చివరి రోజుల్లో దగ్గుతో ఎంత ఇబ్బంది పడ్డారో ఇంట్లో ఆడవాళ్లకు గుర్తుండొచ్చు. ‘మళ్లీ ఆ దరిద్రం ఎందుకు’ అని వాళ్లు అంటే, ఆ కోపంలో న్యాయం ఉంది. అలాంటప్పుడు పైపును మెరిపించి, ఆయన కళ్లజోడు, పెన్ను పక్కన షోకేస్‌లో పెట్టేస్తే గొడవే లేదు. రేపు ఇల్లు కూల్చేసినా, గల్లీ పేరు మారినా, ఆయన చేతిలో రోజూ నలిగిన వస్తువు ఒకటి ఇంట్లో మిగులుతుంది.

అందుకే పాత సామాన్ల బండి కేక వినిపించినప్పుడు సొరుగు మొత్తం దులిపి ఇచ్చేయకుండా ఓసారి లోపల చేయి పెట్టి చూడండి. పైపు దొరికితే ముందు పంటి గాట్లు చూడండి. దాన్ని ఉంచుకోవాలో వద్దో అప్పుడు నిర్ణయించుకోవచ్చు.